ఎండ పొడి

ఫిబ్రవరి 11, మంగళవారం

రాసుకుంటే గుండె దడ తగ్గుతుందని పాస్టరమ్మ చెప్పింది. నేను చదివింది అయిదో తరగతి. బైబిలు చదువుకుంటాను, సంతకం పెడతాను, అంతకు మించి రాసిన పాపాన పోలేదు. కోడలు భాగ్య వాళ్ళ స్కూల్లో మిగిలిపోయిన డైరీ ఒకటి అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇవాళ రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. డి విటమిన్ ముప్పైకి పైన ఉండాలట. భాగ్యకు తొమ్మిదే ఉంది. నా కొడుకు సాల్మన్ రాజు బస్సు డిపోలో డ్యూటీ దిగి, అటే డాక్టరు దగ్గరికి పోయి తెచ్చాడు. కాగితం నా ముందు పెట్టి, "సూడు" అన్నాడు. తిడితే బాగుండేది.

నడుము, భుజాలు, పిక్కలు, ఒళ్ళంతా నొప్పులని మూడేళ్ళుగా ఆ పిల్ల అంటూనే ఉంది. తుర్కయాంజాల్ స్కూల్లో పొద్దంతా నిలబడి పాఠం చెప్పి, షేర్ ఆటోలో నలిగి ఇంటికొచ్చి, చెప్పులతోనే మంచం మీద వాలిపోయేది. నేను నమ్మలేదు. నమ్మకపోతే నా మట్టుకు నేను ఊరుకోవాలి కదా. పోయిన నెల స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి నిలబడి, "నా కోడలికి దేవుడు పని మీద మనసియ్యాలె, బద్ధకం తీసెయ్యాలె" అని అడిగాను. అంతమంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని, గొంతులెత్తి, నా కోడలి బద్ధకం గురించి దేవుణ్ణి వేడుకున్నారు. భాగ్య వెనక చాప మీదే కూర్చుని ఉంది. అందరితో పాటు తనూ ఆమెన్ అంది.

ఆ ఆమెన్ ఇవాళ పొద్దటినుంచీ చెవిలో మోగుతోంది.

ఫిబ్రవరి 12, బుధవారం

తొమ్మిదంటే మరీ తక్కువ కదా. పది కూడా లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

డాక్టరు చిన్న పొట్లాలు రాశాడు. లోపల తెల్లటి పొడి ఉంటుంది. వారానికి ఒకటి పాలలో కలుపుకొని తాగాలి, ఎనిమిది వారాలు. మందు పేరుకు నా నోరు తిరగదు. ఎండ వల్ల ఒంట్లో తయారయ్యేదాన్నే పొడిగా చేసి ఇస్తారని రాజు చెప్పాడు. నేను ఎండ పొడి అంటున్నాను.

చర్చి నుంచి రాగానే నేనే కలుపుతానన్నాను. భాగ్య ఆశ్చర్యంగా చూసింది. "నేను కలుపుకుంట తీ అత్తమ్మ" అంది. "నువ్వు కూసో" అన్నాను. గ్లాసు అందుకుని రెండు చేతులతో పట్టుకుని తాగింది, చంటిపిల్లలాగా.

రాత్రికి నొప్పి తగ్గిందా అని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

పక్కింటి మదీనా బీ మనవరాలు మెహెక్ ఫార్మసీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. పెరుగు తోడుకోసం పోతే వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"ఏం సూస్తున్నవే గంత కండ్లు పెట్టి?"

"ప్రాజెక్టు అవ్వ. డి విటమిన్ మీద, ఏండ్లు గడిసినా పోని నొప్పుల మీద, దునియా మొత్తంల ఎవరెవరు ఏం రాసిండ్రో లెక్క తీస్తున్న."

దేవుడే నన్ను తోడుకోసం పంపాడనిపించింది. ఆ పిల్ల తెర నా వైపు తిప్పింది. ఒక గీత ఉంది. ఎడమ పక్కన నేల మీద పాకుతున్నట్టు మొదలై, కుడి పక్కకు పోయేసరికి కొండెక్కినట్టు లేచిపోయింది. ఇంకో చోట ప్రపంచపటం, దేశదేశానికీ గుండ్రాలు. ఎక్కువ రాసిన దేశానికి పెద్ద గుండ్రమట.

"గిన్ని దేశాల డాక్టర్లు గిదే రాస్తున్నరా?"

"అవ్ అవ్వ. ఏటేటా పెరుగుతనే ఉన్నది."

"రాసెటోళ్ళకేం, కూసోని రాస్తరు" అంది మదీనా బీ, గుమ్మంలో కాళ్ళు చాపుకుని. "నా మోకాళ్ళ గురించి ఒక్కడన్న రాసిండా సూడవే దాంట్ల."

"నీ మోకాళ్ళకు సపరేట్‌గ పుస్తకమే రాయాలె నానీ" అంది మెహెక్. మళ్ళీ నాతో, "జర ఆగు అవ్వ, గీత మీదికి పోయిందంటే..." అని ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. నా కళ్ళ ముందు ఆ గీత ఒక్కటే ఉంది. పెరుగు గిన్నె కూడా అక్కడే మరిచి వచ్చాను.

అన్ని దేశాలవాళ్ళు, అంతమంది చదువుకున్నవాళ్ళు దీన్నే పట్టుకుని ఉంటే, మా ఇంట్లో వారానికి ఒక్క పొట్లమా? మన డాక్టరుకు ఈ సంగతి తెలుసో లేదో.

మార్చి 2, ఆదివారం

మూడో పొట్లం. భాగ్య బట్టలు ఆరేస్తూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. పోయి బకెట్ అందుకోవచ్చు. పోతే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతుందేమో అనిపించింది. పోలేదు.

మార్చి 5, భస్మ బుధవారం

నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు ఇవాళ మొదలు. ఒక్కొక్కరు ఒక్కో తీర్మానం చేసుకోండి, దేవునికి మాటిచ్చి మధ్యలో తప్పకండి అన్నారు పాస్టరయ్య. కొందరు మాంసం మానారు, కొందరు టీవీ మానారు. నేను చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి, నలభై రోజులూ తెల్లవారుజామున నా చేత్తో పాలు కాచి, ప్రార్థన చేసి, నా కోడలికి ఇస్తానని మాటిచ్చాను. ఆ పిల్ల నొప్పి తీసెయ్యమని అడిగాను. కూడికలో నేను అడిగిందాన్ని కొట్టేసి ఇది రాసుకోమని అడిగాను.

పాలలో ఎండ పొడి కూడా కలుపుతాను. రోజూ. వారానికొకటి అన్నారు, తెలుసు. ఇంత తక్కువ ఉన్న మనిషికి వారానికొకటి ఎప్పటికి సరిపోతుంది? మాత్ర అయితే భయపడాలి. ఇది ఎండ. ఎక్కువైతే ఒళ్ళే వద్దంటుంది, మనం నీడకు పోయినట్టు.

రాజుకు చెప్పలేదు. చెబితే వద్దంటాడు. వద్దంటే దేవునికిచ్చిన మాట పోతుంది.

మార్చి 10, సోమవారం

ఉన్న పొట్లాలు అయిపోయాయి. బస్టాండు వైపు ఒక మెడికల్ షాపులో ఖాళీ పొట్లం చూపించి అడిగాను. "డాక్టరు మల్ల రాసిండా అవ్వ?" అన్నాడు. అవ్ అన్నాను. డబ్బా మొత్తం ఇచ్చాడు. అబద్ధం ఆడినట్టేనా? దేవుడు పెద్ద డాక్టరు కదా.

మార్చి 15, శనివారం

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. భాగ్య మధ్యాహ్నానికే వచ్చేస్తోంది. ఇవాళ పాలిస్తూ నెత్తి మీద చేయి పెట్టి ప్రార్థన చేశాక, ధైర్యం చేసి అడిగాను.

"నొప్పి ఎట్లున్నదే?"

నా ముఖంలోకి కాసేపు చూసింది. "జర తక్కువున్నది అత్తమ్మ" అంది.

పొయ్యి దగ్గరికి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. స్తోత్రం. మెహెక్ గీతలో నా కోడలి చుక్క కూడా పెట్టాలి.

మార్చి 25, మంగళవారం

భాగ్య మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. పొద్దున వాంతి చేసుకుంది. మదీనా బీ ప్రహరీ మీదుగా తొంగి నా వైపు చూసి నవ్వింది.

"ఏం బుగ్గమ్మా, మామిడికాయలు తెమ్మంటవా?"

"నీ నోట్ల చక్కెర పొయ్య. ఇంకా ఏం తెల్వది."

"నాలుగేండ్ల సంది సూస్తున్నం. నీ ప్రార్థనలు జర లేటుగ పనిచేస్తయి గని, చేస్తయి."

నేను నమ్మేశాను. ఎంత సంతోషంగా నమ్మానో.

మార్చి 27, గురువారం

కడుపు కాదు. మలబద్ధకం ఉందట, అందుకే వాంతులని రాజు ఏదో మందు తెచ్చాడు.

ఏప్రిల్ 2, బుధవారం

భాగ్య బిందెడు నీళ్ళు తాగుతోంది. తాగడం, బాత్రూముకు పోవడం, మళ్ళీ తాగడం. ఎండలు ముదిరాయి, అందరికీ దప్పికే. నేను కూడా ఇవాళ రెండు చెంబులు ఎక్కువ తాగాను. చూసుకుని మరీ తాగాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

"ఇయ్యాల పాలొద్దు అత్తమ్మ, కడుపుల తిప్పుతున్నది" అంది. 

"పది రోజులే ఉన్నయి బిడ్డా. మధ్యల ఆపొద్దు" అన్నాను.

తాగింది. సగం బయటికి వచ్చింది. బయటికి వచ్చింది లెక్కకు రాదేమోనని ఇంకో పొట్లం కలిపి తెచ్చాను.

ఈ మాట రాయకపోయినా దేవునికి తెలుసు. అందుకే రాశాను.

ఏప్రిల్ 7, సోమవారం

భాగ్య స్కూల్లో పడిపోయింది. అంతకు ముందు పిల్లల పేర్లు తప్పు పిలిచిందట, బోర్డు మీద ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ వేసిందట. వాళ్ళ టీచర్లే ఆటోలో ఎల్బీనగర్ దవాఖానకు తీసుకుపోయారు. రాజు డ్యూటీ బట్టలతోనే పరుగెత్తాడు. నేను మదీనా బీని తోడు తీసుకుని బస్సెక్కాను. దారంతా ఆమె తస్బీ పూసలు తిప్పుతూ దువా చదువుతోంది. నాకు ఒక్క వాక్యం గుర్తు రాలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

రక్తంలో కాల్షియం చాలా ఎక్కువగా ఉందట. కిడ్నీల మీద పడుతోందట. సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. మంచం పక్కన నిలబడి అడిగింది.

"ఇంకేమన్న వాడుతున్నరా? ఆయుర్వేదం, పొడులు, బలానికని ఏమన్న?"

"ఏం లే మేడం" అన్నాడు రాజు. "డి విటమిన్ పొట్లం ఒక్కటే. వారానికొకటి."

ఆమె నా వైపు చూసింది. "మందులు ఎవరిస్తరు ఇంట్ల?"

"నేనే."

"వారానికి ఒక్కటే కదమ్మా?"

"అవ్" అన్నాను.

అంత తొందరగా ఎలా వచ్చింది ఆ మాట? గొంతు కూడా వణకలేదు. డాక్టరమ్మ అంతకంటే పెద్దగా ఏమీ అడగలేదు కూడా. భాగ్య కళ్ళు తెరిచే ఉంది. పైన తిరిగే ఫ్యాను చూస్తోంది.

రక్తం బయట పెద్ద ల్యాబ్‌కు పంపారు, విటమిన్ ఎంతుందో తెలియడానికి నాలుగైదు రోజులు పడుతుందట. ఈలోగా మెడలో ఏదో గ్రంథి చూడాలి అన్నారు. ఎముకల లోపలి మూలుగ కూడా చూడాలి అన్నారు.

ఏప్రిల్ 9, బుధవారం

మెడలో ఏమీ లేదట. రాజు మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మూలుగలో చెడ్డ రోగం ఉన్నా కాల్షియం ఇట్లా పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పిందట. శనివారం నడుము ఎముకలోకి సూది దించి మూలుగ తీస్తారట.

"క్యాన్సర్ అంటే ఎట్లనే అమ్మా" అన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చినట్టు ఏడ్చాడు. నేను వీపు నిమిరాను.

నాకు ఏమీ ఖచ్చితంగా తెలియదు కదా. పొడి వల్లనే అని ఎవరు చెప్పారు? ఎండ వల్ల ఎవరికైనా మూలుగ పాడవుతుందా? నేను డాక్టరునా? ఊరికే ఏదో చెప్పి వాళ్ళ వైద్యాన్ని తప్పుదారి పట్టిస్తే?

నాలుగుసార్లు చదివాను పై మాటలు. ప్రతిసారీ నిజంలాగే ఉన్నాయి.

ఏప్రిల్ 10, గురువారం

బట్టలు తీసుకుపోవడానికి ఇంటికొచ్చాను. మెహెక్ దగ్గరికి పోయాను. వేరే ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగాను.

"ఆ పొడి రోజు తాగితే ఏమైతదే?"

"ఏ పొడి?"

"గదే, నీ ప్రాజెక్టుది. కందుకూరుల మా సుట్టం ఒకామె రోజు తాగుతున్నదట."

"రోజా? పెద్ద డోసుదా? వెంటనే ఆపమను అవ్వ. రక్తంల కాల్షియం పెరుగుతది. వాంతులైతయి, కిడ్నీలు ఖరాబైతయి, పిచ్చిపిచ్చిగ మాట్లాడుతరు." 

"మరి గంతమంది డాక్టర్లు రాసిండ్రంటివి? గీత మీదికి పోయిందంటివి?"

"అవ్వ, గా రోజే చెప్పబోయిన, నువ్వు ఉరికినవ్. మస్తుమంది రాస్తున్నరంటే మస్తుమందికి అనుమానం ఉన్నట్టు. కొందరు నొప్పి తగ్గిందన్నరు, కొందరు ఏం ఫరకు లేదన్నరు, తక్కువున్నోళ్ళకే జర పనిచేస్తదేమో అన్నరు. ఇంకా తేలలే. తేలితే గిన్ని ఎందుకు రాస్తరు?"

తర్వాత ఆ పిల్ల నన్నే చూస్తూ ఉంది. ముఖం తెల్లబోయింది.

"అవ్వ, కందుకూరుల మీకు సుట్టాలు లేరు గద."

నేను సంచి తీసుకుని లేచాను. నా వెనకే గేటు దాకా వచ్చింది. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది. పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడే పిల్ల కాదు.

"నేనే చెప్త" అన్నాను. బస్సులో కూర్చున్నాక చేతులు చూసుకున్నాను. పాలగ్లాసు పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి.

ఏప్రిల్ 11, శుక్రవారం

చెప్పాను. ఎలా చెప్పానో రాయాలి, లేకపోతే రేపటికి మంచిగా మార్చుకుంటాను.

పొద్దున రాజు చాయ్ కోసం కిందికి పోయాడు. భాగ్యకు కొంచెం తెలివి వచ్చింది, మాట తడబడడం లేదు. డాక్టరమ్మ కంటే ముందు ఈ పిల్లకు చెప్పాలనిపించింది.

"బిడ్డా, పాలల్ల నేను ఎండ పొడి రోజు కలిపిన."

"తెలుసు అత్తమ్మ" అంది.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"గా మందు పొడే అని తెల్వది. ఏదో కలుపుతున్నవని తెలుసు. గ్లాసు అడుగున నాలుకకు తగులుతుండె. చర్చిల ఏదన్న ప్రార్థన చేసి ఇచ్చిండ్రేమో అనుకున్న."

"అడగకపోతివి?"

"అడిగితె ఆపుతవని."

సెలైను చుక్కలు పడుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ చెప్పింది.

"పెండ్లయిన సంది నువ్వు నన్ను ముట్టుకున్నది గప్పుడే. పొద్దుగాల లేస్తే నెత్తి మీద చెయ్యి పెడుతుంటివి. గది ఆగిపోతదని అడగలే."

"మరి నొప్పి తగ్గిందంటివి?"

"తగ్గలే. నీ మొఖం సూసి అన్న."

"మొన్న డాక్టరమ్మ అడిగినప్పుడన్న చెప్పకపోతివే."

"నువ్వు అవ్ అన్నవ్ గద" అంది. "అత్తను అబద్ధమాడినవని ఎట్లంట?"

నేను ఇంక అక్కడ నిలబడలేకపోయాను. నర్సుల బల్ల దగ్గరికి పోయి, ఎవరు వింటున్నారో చూడకుండా చెప్పేశాను. డాక్టరమ్మను పిలిచారు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని అని అడిగింది. చెప్పాను. రెండు కలిపిన రోజు కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. కాగితం మీద ఏదో కొట్టేసి, పొడికి విరుగుడుగా ఒక మందు రాసి, రేపటి సూది వద్దని ఫోన్ చేసింది. ఆ తర్వాత, "మంగళవారమే చెప్పుంటే ఆ మందు మంగళవారమే మొదలు పెడుతుంటిమి అమ్మా" అంది.

రాజు చాయ్ తెచ్చాడు. రెండు కప్పులు, ఒకటి నాకు. డాక్టరమ్మ వాడికి నా ముందే చెప్పింది. వాడు కప్పులు కింద పెట్టాడు. క్యాన్సర్ కాదని తెలిసి ముఖం వెలిగింది, అంతలోనే నా వైపు తిరిగింది.

"నేను మెట్ల మీద ఏడుస్తుంటే పక్కన్నే కూసున్నవ్ గదనే అమ్మా" అన్నాడు.

అంతే అన్నాడు. ఇప్పటివరకు మళ్ళీ మాట్లాడలేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చికి పోలేదు. నలభై రోజులు నిండకుండానే మాట తప్పాను. ఇచ్చిందే తప్పు మాట.

ఏప్రిల్ 20, ఈస్టర్

రాజు భాగ్యను ఇంటికి తెచ్చాడు. కాల్షియం దిగిందట, కిడ్నీలు కోలుకుంటున్నాయట. పొడి కొవ్వులో దాక్కుని ఉంటుందట, పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది, వారం వారం రక్తం చూడాలి. మందులన్నీ వాడే ఇస్తున్నాడు. వంటింట్లోకి పోవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో వాడుంటే నేనే పోవడం లేదు.

ఏప్రిల్ 24, గురువారం

స్కూలుకు సెలవులిచ్చారు. రాజు డ్యూటీలో ఉన్నాడు. భాగ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్ర కాదని తెలుస్తోంది, నిద్రలో మనిషి భుజం అట్లా బిగుసుకుని ఉండదు.

మూడేళ్ళు బద్ధకం అన్నాను. తర్వాత రోజూ తగ్గిందా అన్నాను. ఎక్కడ అని ఒక్కసారీ అడగలేదు. మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను.

"యాడ నొస్తదే?"

"ఇప్పుడెందుకు అత్తమ్మ?"

"ఊకనే."

ఇక చెప్పదనుకున్నాను. అప్పుడు గోడకే చెప్పింది. పొద్దున లేవగానే పిక్కల్లో ఇసుక పోసినట్టు బరువుంటుందట. ఆటోలో కుదుపుకు నడుము నుంచి తొడ దాకా మంట దిగుతుందట. చాక్‌పీసు పట్టుకుని చేయి పైకెత్తితే భుజం లోపల పళ్ళతో కొరికినట్టుంటుందట. సాయంత్రం చెప్పులు విప్పడానికి వంగలేక అట్లాగే పడుకునేదట. కొన్ని రోజులు అసలేమీ ఉండదట, ఆ రోజుల్లోనే ఎక్కువ భయమట. బాగున్న రోజు నేను చూస్తే రేపు మళ్ళీ నమ్మనని.

మధ్యలో నాకు అనడానికి చాలా వచ్చాయి, మింగాను.

"ఇప్పుడు?" అన్నాను.

చేయి వెనక్కి చాపి, నా చేయి వెతికి పట్టుకుని, తన నడుము మీద ఒక చోట పెట్టుకుంది.

"గిక్కడ. ఒత్తకు. ఊకె పెట్టు."

పెట్టాను. జాకెట్టు కింద ఒళ్ళు వెచ్చగా ఉంది. అలవాటు కొద్దీ ప్రార్థన మొదలుపెట్టబోయాను, అది కూడా మానేశాను. రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇద్దరినీ చూశాడు. షర్టు విప్పుకుంటూ లోపలికి పోయాడు. నేను చేయి తీయలేదు.